ఒళ్ళు చూసి చోటు ఇవ్వకండి

జూలై నెల వచ్చిందంటే చాలు, మన ఉత్తర చెన్నైలో ఏ బడికి వెళ్ళినా ఫుట్‌బాల్ జట్టు ఎంపికే. జోనల్ పోటీలు దగ్గర పడుతుంటాయి కాబట్టి అందరికీ తొందర. పిల్లలందర్నీ గ్రౌండులో వరసగా నిలబెడతారు. పొడుగ్గా ఉన్నవాణ్ణి చూసి "నువ్వు స్టాపర్" అంటారు. ఇంకా పొడుగ్గా ఉంటే "నువ్వు గోలీ". పొట్టిగా, సన్నగా ఉన్నవాడికి "నువ్వు వింగ్‌లో పరిగెత్తు". లావుగా ఉన్నవాడికి "నువ్వూ గోల్ దగ్గరే నిలబడు, లేకపోతే నీళ్ళ సీసాలు చూసుకో". అయిదు నిమిషాల్లో అంతా అయిపోతుంది. అప్పటికింకా ఒక్క పిల్లవాడి కాలికి కూడా బంతి తగిలి ఉండదు.

ఈ పద్ధతి తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల ఒళ్ళు చూసి వాళ్ళు ఏ చోట ఆడాలో తేల్చెయ్యడం పిల్లలకూ అన్యాయం, ఆటకూ అన్యాయం. సార్లు కోపగించుకోకుండా చివరిదాకా చదవాలని కోరుకుంటున్నాను. చదివాక నా మాట తప్పనిపిస్తే జవాబు రాయండి, నేర్చుకుంటాను.

"ఇది ఎవరో పొట్టివాడి ఏడుపులే" అని కొందరు అనుకోవచ్చు. కాదండీ. నేను పొడుగువాణ్ణే. పన్నెండేళ్ళకే మా తరగతిలో అందరికంటే ఒక తల ఎత్తు ఎక్కువ ఉండేవాణ్ణి. అప్పుడు ఒక వేసవి శిక్షణ శిబిరంలో చేరితే, మొదటి రోజే నన్ను తీసుకెళ్ళి వెనక డిఫెన్స్‌లో నిలబెట్టారు. నాకు నేర్పింది ఒకే ఒక్క పాఠం: "బంతి వస్తే ముందుకు గట్టిగా కొట్టెయ్." మూడేళ్ళు అదే కొట్టాను. బంతిని కాలి దగ్గర పెట్టుకుని మలుపు తిరగడం, ఎడమ కాలితో పాస్ ఇవ్వడం, ఇద్దరి మధ్యలోంచి దూరి బయటపడడం, ఇవేవీ నాకు ఎవరూ నేర్పలేదు. అడిగితే "నీకెందుకురా అవన్నీ, నీకు ఎత్తుంది కదా" అన్నారు.

ఇప్పుడు నాకు పదిహేనేళ్ళు. పద్నాలుగు దాటాక నా ఎత్తు పెద్దగా పెరగలేదు. అప్పట్లో నా భుజం దాకా ఉన్న కుర్రాళ్ళు ఇప్పుడు నాతో సమానమయ్యారు, ఇద్దరు ముగ్గురు దాటిపోయారు కూడా. వాళ్ళకి ఎత్తూ వచ్చింది, చిన్నప్పుడు పొట్టిగా ఉండబట్టి తప్పక నేర్చుకున్న పనితనమూ ఉంది. నా దగ్గర ఎత్తు మాత్రమే ఉండేది, అది ఇప్పుడు అందరి దగ్గరా ఉంది. పొట్టివాడికి జరిగే అన్యాయం కళ్ళకు కనిపిస్తుంది, వాణ్ణి జట్టులోంచి తీసేస్తారు కాబట్టి. పొడుగువాడికి జరిగే అన్యాయం ఎవరికీ కనిపించదు, వాణ్ణి జట్టులోకి తీసుకుంటారు కాబట్టి. నష్టం మాత్రం ఇద్దరికీ ఉంది.

మన ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో కౌమార దశ పాఠం ఉంది. పరీక్ష కోసం అందరం చదివాం. గ్రౌండులోకి వెళ్ళగానే మర్చిపోతాం. అబ్బాయిలు సగటున 14 ఏళ్ళ దగ్గర, అమ్మాయిలు 12 ఏళ్ళ దగ్గర అన్నిటికంటే వేగంగా పొడుగవుతారు. ఆ ఒక్క ఏడాదిలోనే అబ్బాయి 8 నుంచి 10 సెంటీమీటర్లు పెరగొచ్చు. కానీ సగటు అంటే సగటే. ఒకడికి ఆ పెరుగుదల 12 ఏళ్ళకే వస్తుంది, ఇంకొకడికి 15 దాటితే గానీ రాదు. అందుకే ఒకే తరగతిలో, ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు పిల్లల మధ్య ఎముకల ఎదుగుదలలో మూడు నాలుగేళ్ళ తేడా కూడా ఉండొచ్చు. ఒకడి ఒళ్ళు పదహారేళ్ళ అబ్బాయిలా ఉంటుంది, పక్కవాడి ఒళ్ళు పన్నెండేళ్ళ పిల్లవాడిలా ఉంటుంది. ఇద్దరూ అండర్-14 జట్టుకే నిలబడతారు. అప్పుడు సారు కంటికి కనిపించేది ఆట కాదు, ఎవడు ముందు పెరిగాడు అన్నదే.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మనవాళ్ళు ఎందుకన్నారో గానీ, ఈ ఎంపికకి సరిగ్గా సరిపోతుంది. ఒళ్ళు ఇంకా పూర్తిగా రానే లేదు, ఆ ఒంటికి చోటు మాత్రం ముందే రాసిపెట్టేశారు.

పుట్టిన నెల సంగతి కూడా చూడండి. ఫుట్‌బాల్లో వయసు లెక్క ఎక్కువగా జనవరి 1 నుంచి మొదలవుతుంది. అంటే జనవరిలో పుట్టిన పిల్లవాడూ, అదే ఏడాది డిసెంబరులో పుట్టిన పిల్లవాడూ ఒకే జట్టుకి పోటీ పడాలి. ఇద్దరి మధ్యా దాదాపు ఏడాది తేడా. పదేళ్ళ వయసులో ఏడాది అంటే మొత్తం బతుకులో పదో వంతు! చాలా దేశాల్లో పిల్లల జట్లను పరిశీలించిన వాళ్ళు ఒకే సంగతి చెప్పారు. ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్ళు జట్లలో ఎక్కువగా ఉంటారు, చివరి మూడు నెలల్లో పుట్టినవాళ్ళు తక్కువగా ఉంటారు. డిసెంబరులో పుట్టిన పిల్లలకి దేవుడు ఫుట్‌బాల్ రాకుండా చేశాడా? లేదు. ఎంపిక చేసేవాళ్ళు పెద్ద ఒంటిని చూసి మంచి ఆట అనుకున్నారు, అంతే.

ఇక్కడ సార్లు అనే మాట ఒకటుంది. "మొక్కై వంగనిది మానై వంగునా? చిన్నప్పుడే ఒక చోట అలవాటు చెయ్యాలి." సామెత నిజమే, కానీ దాన్ని తప్పు చోట వాడుతున్నారు. మొక్కగా ఉన్నప్పుడు వంచాల్సింది కాళ్ళని, కళ్ళని, బుర్రని. రెండు కాళ్ళతో బంతిని ఆపడం, తల ఎత్తి ఆడడం, ఖాళీ ఎక్కడుందో చూడడం, ఇవి చిన్నప్పుడే రావాలి. నన్ను వంచలేదు, పాతేశారు. మొక్కని వంచడం వేరు, మొక్కకి మేకు కొట్టడం వేరు.

ఇంకో పెద్ద గందరగోళం ఏమిటంటే, మనం ఒళ్ళునీ ఫిట్‌నెస్‌నీ ఒకటే అనుకుంటాం. ఎత్తు, ఎముకల వెడల్పు, సన్నమా లావా, ఇవి ఒంటి తీరు. చాలావరకు అమ్మానాన్నల నుంచి వచ్చేవి. ఫిట్‌నెస్ అంటే అది కాదు. ఎంతసేపు అలసిపోకుండా పరిగెత్తగలం, ఎంత వేగంగా మొదలుపెట్టగలం, ఎంత తొందరగా ఆగి పక్కకి తిరగగలం, ఎంత బలంగా ఎగరగలం, ఒళ్ళు ఎంత సులువుగా వంగుతుంది, ఇవీ ఫిట్‌నెస్. వీటిలో ప్రతి ఒక్కటీ సాధనతో పెరుగుతుంది. ఎత్తు మాత్రం సాధనతో పెరగదు. మన ఎంపికలో ఏం చేస్తున్నాం? సాధనతో పెరిగేవాటిని ఒక్కటి కూడా కొలవకుండా, సాధనతో పెరగని ఒకే ఒక్కదాన్ని కళ్ళతో కొలిచి మార్కులు వేస్తున్నాం.

సన్నగా ఉన్నవాడికి ఓపిక ఎక్కువ ఉంటుందని ఎవరన్నారు? మా తరగతిలో గాలి వస్తే ఎగిరిపోయేలా ఉండే ఒకడు రెండు రౌండ్లకే నడుం పట్టుకుని కూర్చుంటాడు. బొద్దుగా ఉండే ఇంకొకడు ఆగకుండా ఎనిమిది రౌండ్లు తిరుగుతాడు, రోజూ పొద్దున్నే వాళ్ళ నాన్నతో కలిసి నీళ్ళ క్యాన్లు మూడో అంతస్తుకి మోస్తాడు మరి. చూస్తే తెలియదు, పరిగెత్తిస్తేనే తెలుస్తుంది.

సరే, ఏ చోటికి ఏం కావాలో ఒకసారి మాట్లాడుకుందాం. పెద్దల ఆటలో మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో 10 నుంచి 12 కిలోమీటర్ల దాకా తిరుగుతాడు. గోల్‌కీపర్ దాంట్లో దాదాపు సగమే తిరుగుతాడు. అలాగని గోల్‌కీపర్ పని తేలిక కాదు. ఒక్క క్షణంలో కదలాలి, పక్కకి దూకాలి, లేచి మళ్ళీ దూకాలి, వెనక నుంచి మొత్తం జట్టుకి కేక వేసి చెప్పాలి. ఇప్పటి ఆటలో కాలితో మంచి పాస్ కూడా ఇవ్వాలి. వింగ్‌లో ఆడేవాడు మాటిమాటికీ వేగంగా పరిగెత్తి, కాసేపు ఊపిరి తీసుకుని, మళ్ళీ పరిగెత్తాలి. స్టాపర్‌కి ఎగిరి తలతో కొట్టే బలం కావాలి, దానికంటే ముందు ఎదుటివాడు ఏం చెయ్యబోతున్నాడో పసిగట్టే చూపు కావాలి. చూశారా, ప్రతి చోటికీ కావలసినవాటిలో ఎత్తు ఒక్కటే కాదు, ఎత్తు మొదటిది కూడా కాదు.

గోల్‌కీపర్ దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అసలు బాధ అక్కడుంది. మన తెలుగులో గుండు అంటే నున్నగా గీయించుకున్న తల. ఇక్కడి తమిళంలో గుండు అంటే లావుగా ఉన్నవాడు. గ్రౌండులో మనం రెండు భాషల్లోనూ వెక్కిరిస్తాం. గుండు, ఒల్లి, నెట్టై, కుళ్ళన్ అని తమిళంలో, బండోడు, పుల్ల, తాటిచెట్టు, పొట్టోడు అని తెలుగులో. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు అని సామెత కూడా పెట్టుకున్నాం. నా పక్క బెంచీలో కూర్చునే మిత్రుడు కొంచెం లావుగా ఉంటాడు. వాడంత తీరుగా పాస్ ఇచ్చేవాడు మా తరగతిలో లేడు. కానీ ఏ జట్టులో చేరినా వాణ్ణి గోల్‌లోనే నిలబెట్టారు. గోల్‌కీపింగ్ నేర్పారా అంటే అదీ లేదు. ఎలా పడాలో, చేతులు ఎలా పెట్టాలో ఒక్కరోజు చెప్పలేదు. "గోల్ నిండా కనపడతాడు" అన్నదే వాడికున్న అర్హత. బయటి టోర్నమెంటు ఒకదానిలో నాలుగు గోల్స్ పోతే, జట్టంతా వాణ్ణే తిట్టింది. ఆ రోజు నుంచి వాడు గ్రౌండుకి రావడం మానేశాడు. బరువు తగ్గాలంటే ఆడాలి అని అందరూ వాడికి చెప్తారు. ఆడడానికి వస్తే ఆడనివ్వరు, నిలబెడతారు. ఇదెక్కడి న్యాయం?

నాలుగు గోల్స్ పోవడం వాడి తప్పా? లెక్క వేద్దాం. ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఇది పెద్దవాళ్ళ కోసం పెట్టిన కొలత. 145 సెంటీమీటర్ల పిల్లవాడు చేతులు పైకెత్తి ఎగిరినా పై కర్ర అందదు. కాబట్టి పెద్ద గోల్ పెట్టి, పొట్టివాణ్ణి నిలబెడితే తల మీద నుంచి గోల్స్ పడతాయి. అప్పుడు సారు "చూశావా, గోలీకి ఎత్తు కావాలి" అంటారు. నేను అనేది, గోలీని మార్చే ముందు గోల్‌ని మార్చండి. చాలా దేశాల్లో చిన్నపిల్లలకి చిన్న గ్రౌండు, చిన్న గోల్ పెడతారు. ఇంగ్లండులో ఏళ్ళ తరబడి చిన్నపిల్లలు మొదట అయిదుగురు, తర్వాత ఏడుగురు, తర్వాత తొమ్మిది మంది ఉండే జట్లుగా ఆడి, పన్నెండు దాటాకే పదకొండు మంది ఆటకు వచ్చారు. మనకి దానికి డబ్బు కూడా అక్కర్లేదు. సాధన రోజుల్లో నాలుగు ఇటుకలు, రెండు పుస్తకాల సంచీలు పెడితే చిన్న గోల్ తయారు.

ఇప్పుడు పెద్ద ఆటగాళ్ళ సంగతి. అందరం టీవీలో చూసినదే, కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 2018 ప్రపంచ కప్ ఫైనల్ ఫ్రాన్స్‌కీ క్రొయేషియాకీ జరిగింది. ఆ ఒక్క మ్యాచ్‌లోనే చిన్నప్పుడు "ఒళ్ళు చాలదు" అనిపించుకున్నవాళ్ళు ముగ్గురు ఉన్నారు. ఫ్రాన్స్ తరఫున కాంటే, గ్రీజ్‌మన్. క్రొయేషియా తరఫున మోద్రిచ్. గ్రీజ్‌మన్‌ని సొంత దేశంలో క్లబ్బులు చిన్నగా ఉన్నాడని వద్దంటే, స్పెయిన్‌కి వెళ్ళి నేర్చుకున్నాడు. మోద్రిచ్‌ని అతని దేశంలోని పెద్ద క్లబ్బు ఒకటి బలహీనంగా ఉన్నాడని తీసుకోలేదు, ఆ ప్రపంచ కప్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. అదే కప్‌లో అందరికంటే ఎక్కువగా 6 గోల్స్ కొట్టిన హ్యారీ కేన్‌ని ఎనిమిది తొమ్మిదేళ్ళ వయసులో ఆర్సెనల్ అకాడమీ పంపించేసింది. అప్పట్లో కాస్త బొద్దుగా ఉండేవాడని ఆ అకాడమీ నడిపిన పెద్దమనిషే తర్వాత చెప్పాడు. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉన్న అకాడమీలే ఒళ్ళు చూసి మోసపోతే, మన గ్రౌండులో అయిదు నిమిషాల చూపు ఎంత నిజం చెప్తుంది?

మన దగ్గరి మాట చెప్పాలంటే సునీల్ ఛెత్రీ ఉన్నాడు. 1984లో సికింద్రాబాదులో పుట్టాడు. ఎత్తు 170 సెంటీమీటర్లు, అంటే మన పదో తరగతిలో సగంమంది అంత. భారత్ తరఫున 90కి పైగా గోల్స్ కొట్టాడు. వాటిలో తలతో కొట్టినవీ చాలా ఉన్నాయి. తలతో గోల్ కొట్టాలంటే పొడుగ్గా ఉండాలి అనేవాళ్ళు ఆ గోల్స్ ఒకసారి చూడాలి. ఎప్పుడు ఎగరాలో తెలిసినవాడికి ఎత్తు అప్పటికప్పుడు వస్తుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కూడా కాదు. హైదరాబాదుకి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. ఆయన మీద తీసిన "మైదాన్" సినిమా మనలో చాలామంది చూశారు. 1962 జకార్తాలో జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ డిఫెండర్, బలమైన ఒళ్ళు. ఇంకొకరైతే బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు. రహీం సాబ్ ఆయన్ని ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనం 2-1తో గెలిచాం, ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ కొట్టిందే. డిఫెండర్ డిఫెండర్‌గానే చావాలి అని రహీం సాబ్ అనుకుని ఉంటే ఆ గోల్ ఎవరు కొట్టేవాళ్ళు?

అదే జట్టులో పీటర్ తంగరాజ్ ఉన్నాడు. 1935లో హైదరాబాదు సంస్థానంలో పుట్టాడు. ఆరడుగులు దాటిన మనిషి, 1958లో ఆసియాలోనే ఉత్తమ గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్నాడు. "ఇదిగో, పొడుగువాడు గోలీ అయ్యాడు కదా" అని మీరు అనొచ్చు. అయ్యాడు. కానీ ఎలా అయ్యాడు? మొదట్లో సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆయన ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా. సైన్యంలో చేరి మద్రాసు రెజిమెంటు తరఫున ఆడేటప్పుడు గోల్ దగ్గరికి మారాడు. అప్పటికి ఆయనకి ఒళ్ళూ వచ్చింది, ఫార్వర్డ్ ఎలా ఆలోచిస్తాడో కూడా తెలుసు. చోటు చివర వచ్చింది, ఆట ముందు వచ్చింది. నేను అడుగుతున్నదీ అదే వరస.

పెద్దల ఆటలో గోలీకీ స్టాపర్‌కీ ఎత్తు ఉపయోగమే. నేను కాదనడం లేదు. ఇటలీ కెప్టెన్ కన్నావారో ఐదడుగుల తొమ్మిదంగుళాల స్టాపర్‌గా 2006 ప్రపంచ కప్ ఎత్తాడు, కానీ అలాంటివాళ్ళు కొద్దిమందే. నా వాదన పొట్టివాళ్ళే గొప్ప అని కాదు. పన్నెండేళ్ళప్పుడు ఎవడు పొడుగవుతాడో, ఎవడు ఆగిపోతాడో సారుకి తెలియదు, వాడికీ తెలియదు, కన్నతల్లికీ తెలియదు. తెలియనిదాని మీద జట్టు కట్టకూడదు అన్నదే నా వాదన.

"గెలవాలి కదరా మరి?" ఇది అన్నిటికంటే పెద్ద అభ్యంతరం. నిజమే, అండర్-14 పోటీల్లో ముందే పెరిగిన పిల్లలు ఎక్కువ ఉన్న జట్టు గెలుస్తుంది. ఆ గెలుపు ఎంతకాలం? అండర్-17కి వచ్చేసరికి అవతలి జట్టుకీ ఒళ్ళు వస్తుంది. అప్పుడు మన దగ్గర నాలాంటి వాళ్ళు మిగులుతారు, బంతి వస్తే ముందుకి కొట్టడం ఒక్కటే తెలిసినవాళ్ళు. పైగా మనది తెలుగు మీడియం బడి. ఒక్కో తరగతిలో ఉన్నదే కొద్దిమంది. వందలమంది పిల్లల్లోంచి పొడుగువాళ్ళని ఏరుకునే వీలు పెద్ద బడులకు ఉండొచ్చు, మనకు లేదు. ఉన్నవాళ్ళకి నేర్పుకోవడమే మన దారి. ఒక్కణ్ణి "గుండు" అని తరిమేస్తే మన జట్టులో పదకొండో వాడే ఉండడు.

ఈ ఒళ్ళు పిచ్చి ఎంత దూరం వెళ్తుందో చూడండి. పెద్ద ఒళ్ళు ఉంటే గెలుస్తారని తెలిసే, చాలాచోట్ల పెద్ద పిల్లల వయసు తగ్గించి చిన్న జట్టులో ఆడిస్తున్నారు. వాళ్ళని పట్టుకోవడానికి మన దేశంలో పిల్లల మణికట్టు ఎముకకి ఎక్స్‌రే తీస్తున్నారు. ప్రపంచ స్థాయి అండర్-17 పోటీల్లో 2009 నుంచి ఎంఆర్ఐ తీస్తున్నారు. దొంగ సర్టిఫికెట్ ఎందుకు పుట్టింది? ఆట చూసి తీసుకునే చోట వయసు దాచి లాభం లేదు. ఒళ్ళు చూసి తీసుకునే చోటే దానికి గిరాకీ.

వేరే దేశాలు ఈ సమస్యకి దారి వెతికాయి. ఇంగ్లండు అకాడమీల్లో 2015 నుంచి అప్పుడప్పుడు పిల్లల్ని పుట్టినతేదీతో కాకుండా ఒంటి ఎదుగుదలతో జట్లు చేసి ఆడిస్తున్నారు. ముందే పెరిగినవాడికి తన అంత ఒళ్ళున్నవాళ్ళే ఎదురైతే ఒత్తిడితో లాభం లేదు, బుర్ర వాడాలి. ఆలస్యంగా పెరిగేవాడికి తనంత వాళ్ళ మధ్య బంతి దొరుకుతుంది, ధైర్యం వస్తుంది. బెల్జియంలో ఆలస్యంగా పెరిగే పిల్లల కోసం విడిగా జాతీయ జట్టే పెట్టారు, వాళ్ళు మధ్యలో మానేసి పోకుండా. ఆ దేశంలో జనం మన చెన్నై చుట్టుపక్కల ఉన్నంతమంది ఉంటారేమో. కొద్దిమందే ఉన్నప్పుడు ఒక్క పిల్లవాణ్ణి కూడా పారేసుకోకూడదని వాళ్ళకి అర్థమైంది. మన బడికి కూడా అర్థం కావాలి.

తల్లిదండ్రులకు కూడా రెండు మాటలు. ఒక్కసారిగా పొడుగయ్యే రోజుల్లో కాళ్ళూ చేతులూ మాట వినవు. నిన్నటిదాకా చక్కగా ఆడినవాడు తడబడతాడు, బంతి తప్పిపోతుంది. మోకాలి చిప్ప కింద నొప్పి వస్తుంది. ఇది బద్ధకం కాదు, ఎముక ముందు పెరిగి కండరం వెనకబడడం వల్ల వచ్చేది. అప్పుడు "వీడికి ఆట పోయింది" అని మాన్పించకండి, "నొప్పి లేదు ఏం లేదు" అని తరమకండి. నాలుగు రోజులు తగ్గించి ఆడనివ్వండి, నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. ఎత్తు పెంచుతాం అని అమ్మే డబ్బాలకు డబ్బు తగలెయ్యకండి. మా అమ్మ పెట్టే అన్నం, పప్పు, గుడ్డు, వేరుశెనక్కాయలు, రాత్రి చాలినంత నిద్ర, ఇంతకు మించిన మందు లేదు. లావుగా ఉన్న పిల్లలకి అన్నం మాన్పించి పరిగెత్తమనడం ఇంకా పెద్ద తప్పు.

అమ్మాయిల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మా చెల్లెలు ఏడో తరగతి. వాళ్ళకి పెరుగుదల మనకంటే రెండేళ్ళు ముందు వస్తుంది, అంటే సరిగ్గా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో. ఆ వయసులోనే "ఎండలో నల్లబడతావు", "కాళ్ళు మొరటుగా అవుతాయి", "పెద్దదానివయ్యావు, ఇక చాలు" అంటారు. అబ్బాయిల ఒళ్ళు చూసి చోటు చెప్తారు. అమ్మాయిల ఒళ్ళు చూసి ఇంటికి పొమ్మంటారు. నిజామాబాదు జిల్లా నుంచి వచ్చిన తెలుగు అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇప్పుడు భారత జట్టుకి ఫార్వర్డ్‌గా ఆడుతోంది. ఆమెని కూడా పన్నెండేళ్ళకి ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే?

చివరగా, ఉత్త విమర్శతో ఆపెయ్యకుండా, మన బడిలో చెయ్యగలిగినవి కొన్ని అడుగుతున్నాను. వీటిలో ఒక్కదానికి కూడా డబ్బు ఖర్చు లేదు.

ఒకటి, ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఎవరికీ ఒకే చోటు ఖాయం చెయ్యొద్దు. ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా ఏడాదిలో వెనకా మధ్యా ముందూ అన్ని చోట్లా ఆడాలి. గోల్ దగ్గర అందరూ వంతులవారీగా నిలబడాలి, పొట్టివాళ్ళూ పొడుగువాళ్ళూ కూడా.

రెండు, ఎంపిక రోజున వరసలో నిలబెట్టి చూడడం ఆపాలి. నలుగురు నలుగురుగా చిన్న జట్లు చేసి, చిన్న గోల్ పెట్టి, అరగంట ఆడించి చూడాలి. పరుగు, మలుపు, ఓపిక పరీక్షలు పెట్టి నోటు పుస్తకంలో రాసుకోవాలి. మూడు నెలలకి మళ్ళీ పెట్టాలి. ఎవడు ఎంత ఉన్నాడు అన్నదానికంటే ఎవడు ఎంత పెరిగాడు అన్నదానికి విలువ ఇవ్వాలి.

మూడు, పుట్టిన నెల కూడా ఆ పుస్తకంలో రాసుకోవాలి. ఏడాది చివర పుట్టిన పిల్లల్ని తీసెయ్యబోయే ముందు ఒకసారి ఆ గడి చూడాలి.

నాలుగు, గోల్‌లో ఎవరిని నిలబెట్టినా ముందు ఎలా పడాలో నేర్పాలి. నేర్పకుండా నిలబెట్టడం ఆట కాదు, శిక్ష.

అయిదు, గ్రౌండులో ఒంటి మీద పేర్లు పెట్టి పిలవడం బంద్. ఇది సార్ల పని మాత్రమే కాదు, ముందు మన పని. పాస్ కావాలంటే పేరు పెట్టి పిలుద్దాం. అమ్మానాన్నలు పెట్టిన పేరు అందరికీ ఉంది.

వచ్చే జూలైకి నేను ఈ బడిలో ఉండను, పదో తరగతి అయిపోతుంది. నా మూడేళ్ళు తిరిగి రావు, అవి అడగడం లేదు. ఇప్పుడు ఆరో తరగతిలో ఒక తాటిచెట్టు ఉన్నాడు, నేను చూస్తున్నాను, వాణ్ణి అప్పుడే వెనక నిలబెట్టేశారు. వాడి ఎడమ కాలు చాలా బాగుంటుంది. దయచేసి వాణ్ణి ముందుకి రానివ్వండి. నా మిత్రుణ్ణి మాత్రం నేనే పిలుచుకొస్తాను, ఈసారి మిడ్‌ఫీల్డ్‌లో ఆడిస్తామని సార్లు మాట ఇస్తే.